డిపెండెంట్ దగ్గర రిటర్న్ రిజెక్ట్ అయితే పిల్లల పేరు తీసేయకండి

అమెరికాలో మీ టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా (మీ మీద ఆధారపడిన మనిషిగా) చూపించిన, కాలేజీలో ఉన్న కొడుకు సోషల్ సెక్యూరిటీ నంబర్ వేరే రిటర్న్‌లో ఉందని మీ ఈ-ఫైల్ (ఆన్‌లైన్‌లో పంపిన రిటర్న్) రిజెక్ట్ అయింది, పేరు తీసేసి పంపేయమంటారా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ నంబర్‌తో ముందు ఎవరు ఫైల్ చేశారన్నదే ఐఆర్ఎస్ (అమెరికా టాక్స్ శాఖ) కంప్యూటర్ చూస్తుంది. హక్కు ఎవరిదో తేల్చదు.

2023లో మాకూ ఇదే జరిగింది. మా అమ్మాయి ఆస్టిన్‌లో చదువుకుంటూ క్యాంపస్ లైబ్రరీలో పనిచేసేది. "పద్దెనిమిది దాటాయిగా, నీ టాక్స్ నువ్వే" అని రూమ్మేట్ అంటే ఫోన్‌లోనే ఫైల్ చేసేసింది. తనను వేరేవాళ్ళు డిపెండెంట్‌గా చూపించుకోవచ్చు అన్న చోట టిక్ పెట్టలేదు. రిజెక్ట్ అయిన రాత్రి ఫోన్ చేస్తే ఒకటే టెన్షన్: "నాన్నా, నా మీద కేసు పెడతారా? రిఫండ్ తిరిగి కట్టేయాలా?" ఏమీ కాదు తల్లీ అని చెప్పి, వీడియో కాల్‌లో కూర్చుని తనచేత 1040-ఎక్స్ (రిటర్న్ సవరించే ఫారం) నింపించాను. తనది చిన్న జీతం. డిపెండెంట్ అయినా స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో టాక్స్ పడకుండా తీసేసే మొత్తం) కిందే మొత్తం పోయింది, రిఫండ్‌లో ఒక్క డాలరు కూడా మారలేదు. మాది మాత్రం ప్రింట్ తీసి, సంతకాలు పెట్టి, డబ్ల్యూ-2లు (కంపెనీ ఇచ్చే జీతం పత్రాలు) జతచేసి పోస్టులో పంపాం. ఆలస్యంగానైనా డబ్బు వచ్చింది.

ఆ టాక్స్ ఫైలింగ్ యాప్‌లంటేనే నాకు మంట. రిఫండ్ ఎంతో పెద్ద అక్షరాల్లో చూపిస్తాయి, ఇంత ముఖ్యమైన ప్రశ్నను మాత్రం పిల్లలు చదవకుండానే దాటించేస్తాయి.

అసలిది పిల్లల ఇష్టం కాదు. ఏడాది చివరికి 24 నిండని ఫుల్‌టైమ్ స్టూడెంట్, తన ఖర్చులో సగానికి మించి తానే భరించకపోతే, మీ డిపెండెంటే. చదువు కోసం హాస్టల్లో ఉన్న నెలలు మీ ఇంట్లో ఉన్నట్టే లెక్క. వదులుకుంటే 500 డాలర్ల క్రెడిట్ (కట్టాల్సిన టాక్స్‌లో తగ్గింపు) పోతుంది. మీ ఆదాయం పరిమితిలో ఉంటే, 2,500 దాకా వచ్చే చదువు క్రెడిట్ కూడా పోతుంది.

2025 సీజన్ నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. డిపెండెంట్‌ను అప్పటికే వేరే రిటర్న్‌లో చూపించినా, మీ ఐపీ పిన్ (ఐఆర్ఎస్ మీకిచ్చే రహస్య గుర్తింపు నంబర్) వేసి పంపితే ఈ-ఫైల్ తీసుకుంటున్నారు. ఐఆర్ఎస్ సైట్‌లో మీ అకౌంట్ నుంచి పిన్ తీసుకుని ముందు అలా పంపి చూడండి. కుదరకపోతే కాగితమే. గడువు రోజునే రిజెక్ట్ అయినా కంగారు పడకండి, పోస్టు చేయడానికి 10 రోజులు ఇస్తారు.

నా అసలు బాధ వేరే ఉంది. కెనడా, మెక్సికోల్లో ఉండే తల్లిదండ్రులను డిపెండెంట్లుగా చూపించవచ్చు. తెనాలిలో ఉన్న మా అమ్మకు నెలనెలా మందుల డబ్బు పంపేది నేనే అయినా ఆవిడను చూపించడానికి వీల్లేదు. ఈ రూల్ మార్చాలని మనవాళ్ళ సంఘాలు గట్టిగా అడగాలి.