ఒక కడుపున పుట్టినా రంగు తేడా ఎందుకు?

ప్రశ్న: మా పెద్దమ్మాయి తెలుపు, చిన్నమ్మాయి నలుపు. చిన్నదానికి కట్నం ఎక్కువ ఇవ్వాల్సొస్తుందని చుట్టాలంటున్నారు. ఎందుకీ తేడా? క్రీములు వాడొచ్చా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, రంగునిచ్చే కణాలు అందరిలో దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి, అవి తయారుచేసే మెలనిన్ అనే రంగు పదార్థంలోనే తేడా. దాన్ని నడిపే జన్యువులు చాలా ఉన్నాయి, ఒక్కో బిడ్డకు ఒక్కో కలయికలో వస్తాయి కాబట్టి అక్కాచెల్లెళ్లు కూడా ఒకేలా ఉండరు. యూరప్ వాళ్ల తెలుపుకు కారణమైన ఒక జన్యు మార్పు మన దేశంలోనూ చాలామందిలో ఉందని, వాళ్లకూ మనకూ అది ఒకే మూలం నుంచి వచ్చిందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2013 పరిశోధనలో తేలింది. ప్రకృతి ఇచ్చింది ఇంతే. కట్నం లెక్క మనుషులు కట్టింది, అది పచ్చి అన్యాయం, ఆ మాట అన్నవాళ్లను పాప ముందే గట్టిగా ఆపండి. తెల్లబడతారని అమ్మే క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటే చర్మం పలచబడుతుంది, మొటిమలొస్తాయి, డాక్టర్ చెప్పకుండా అసలు రాయొద్దు.