టైటిల్స్ పనిలోకి వస్తానంటున్న మేనకోడలికి

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. మసాబ్‌ట్యాంక్ కాలేజీలో అప్లయిడ్ ఆర్ట్ చదివి సినిమా టైటిల్స్ పనిలోకి వస్తానంటే మీ అమ్మ కంగారు పడుతోంది గానీ, నాకు ముచ్చటగానే ఉంది. వీడియోలో నిప్పులు బాగా ఎగిశాయి, గొలుసులు బాగా తెగాయి, బంగారు పొడి కూడా రాలింది. ఆ హడావిడి అంతా సద్దుమణిగాక మిగిలిన పేరును మాత్రం రెండోసారి చూస్తేగానీ చదవలేకపోయాను. అందుకే ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఇంత రాస్తున్నాను.

కాగితం తీసుకుని ‘పడవ’ అని రాయి. మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ తేడా ఎంత? తలకట్టు ఒంటికి అంటకపోతే ప, అంటితే వ. ఆ సన్నని సందు మీద గ్లో (అక్షరం చుట్టూ వెలుగు) వేశావంటే సందు పూడిపోయి పడవ కాస్తా వడవ అవుతుంది. నీ వీడియోలో జరిగింది అదే. ద కింద గీత పెడితే ధ. లోహపు అంచు మందం పెంచగానే ఆ గీత అందులో కలిసిపోతుంది. ఎఫెక్టు వేసిన ప్రతిసారీ బొమ్మను బొటనవేలి గోరంత చేసి, దూరం నుంచి చూసి, చదవగలిగితేనే ముందుకు వెళ్ళు. ఇప్పుడు టైటిల్ మొదట కనిపించేది గోడ మీద కాదు, బస్సులో నిలబడ్డవాడి ఫోనులో.

మీకు దొరికే టెంప్లేట్లన్నీ, అంటే పేర్లు మార్చుకుని వాడుకునే రెడీమేడ్ ఫైళ్ళన్నీ, ఇంగ్లీషు కోసం కట్టినవి. ఆ భాష పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తులో బుద్ధిగా నిలబడతాయి. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం. కింద ఒత్తు, ఒక్కోసారి దాని పక్కన ఇంకో ఒత్తు. ఆ టెంప్లేట్‌లో తెలుగు పేర్లు పోస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని పొడుస్తుంది. వరుసల మధ్య ఎడం ఎప్పుడూ ఎక్కువే పెట్టుకో. అక్షరాల మధ్య మాత్రం పెంచకు. ఇంగ్లీషుకు దానివల్ల హుందాతనం వస్తుంది, మనకు పేరు ముక్కలవుతుంది.

ఒక్కో అక్షరం వచ్చి చేరే ఎఫెక్టులతో ఇంకా జాగ్రత్త. ‘స్త్రీ’ మన కంటికి ఒకటే అక్షరం. కంప్యూటర్ లెక్కలో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. టైపు కొట్టినట్టు కనిపించే ఎఫెక్టును అలాగే వదిలేస్తే ముందు స వస్తుంది, తర్వాత పొల్లు, తర్వాత ఒత్తు, చివరికెప్పుడో దీర్ఘం. తెర మీద పేరుకు నత్తి వచ్చినట్టుంటుంది. ప్రతి అక్షరాన్నీ ఒత్తులతో సహా విడి బొమ్మగా మార్చుకుని కదిలించు. బొమ్మలు కదిలించే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ సెట్టింగులు మన భాషలకు సరిపోయేలా పెట్టుకోకపోతే అసలు ఒత్తులే విడిపోయి పక్కన పడతాయి. అనూ ఫాంట్లలో టైపు చేసిన పేర్ల జాబితాలు ఇప్పటికీ వస్తుంటాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి) కావు కాబట్టి ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అలాంటి ఫైలు వస్తే దాని పీడీఎఫ్ కూడా అడిగి, పక్కన పెట్టుకుని పోల్చుకో.

ఫాంట్ల కోసం ఎక్కడెక్కడో దొంగ కాపీలు వెతకక్కర్లేదు. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, డబ్బు తీసుకుని చేసే పనికీ వాడుకోవచ్చు. పేర్ల జాబితాలకు అవి చాలు. సినిమా పేరుకు మాత్రం ఫాంటు వద్దు, చేత్తో రాయి. పోటీ సినిమా వాళ్ళూ అదే ఫాంటు దించుకుంటే రెండు పోస్టర్లూ ఒకే గోడ మీద అక్కాచెల్లెళ్ళలా కనిపిస్తాయి.

చేత్తో రాయడం ఎవరి దగ్గర నేర్చుకోవాలని అడిగావు. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌కు వెళ్ళు. ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో అరవైలు, డెబ్భైల నాటి వారపత్రికలు దొరికితే ధరకు బేరమాడకుండా తెచ్చుకో. అప్పట్లో కథ పేరును కూడా చిత్రకారుడే రాసేవాడు. భయానికి ఒక రాత, సరసానికి ఒక రాత. బాపు అక్షరాలు చూడు: కుంచె ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిందో తెలిసిపోతుంది. ఆయన చేతిరాత పేరుతో తర్వాత ఫాంటే వచ్చింది. పెళ్ళి శుభలేఖ నుంచి మిఠాయి డబ్బా దాకా అందరూ దాన్ని వాడేశారు కాబట్టి, ఆయన దగ్గర ధైర్యం నేర్చుకో గానీ వంపులు ఎత్తుకు రాకు. పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ రాసిన ‘సినిమా పోస్టర్’ దొరికితే అదీ చదువు. మద్రాసులో కుంచెతో టైటిల్ రాసిన తరం ఎలా ఆలోచించిందో అందులో ఉంది.

బయటివాళ్ళలో ఒక్కరి పేరే చెబుతాను, అమెరికన్ టైటిల్ డిజైనర్ సాల్ బాస్. 1955లో ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్’ సినిమాకు ఆయన చేసిన టైటిల్స్‌లో ఉన్నవి నల్లని తెర మీద తెల్లని పట్టీలు, చివర వంకర తిరిగిన ఒక చెయ్యి. హీరో మత్తుమందుకు బానిస. ఆ చెయ్యి ఒక్కటీ కథంతా చెప్పేస్తుంది. అప్పట్లో థియేటర్లలో టైటిల్స్ పడుతుండగా ఇంకా కర్టెన్ మూసే ఉంచేవారట. అందుకే ఆ సినిమా రీళ్ళతో పాటు ‘టైటిల్స్‌కు ముందే కర్టెన్ తీయండి’ అని ఆపరేటర్‌కు చీటీ పంపారు. మన థియేటర్లలో కర్టెన్ ఎప్పుడో పోయింది గానీ, టైటిల్స్ వేళకు సగం మంది ఫోను లైటు వేసి సీటు నంబరు వెతుక్కుంటూనే ఉంటారు. వాళ్ళ తల తెర వైపు తిప్పగలిగే ఒక్క బొమ్మ ఏమిటో ముందు కాగితం మీద తేల్చుకో. అది దొరక్కుండా సాఫ్ట్‌వేర్ తెరవకు.

ఛానల్‌లో ఉద్యోగం వచ్చిందన్నావు. చేరాలా, లేక ఫిల్మ్‌నగర్ చుట్టూ తిరుగుతూ విడిగా పనులు చేసుకోవాలా అన్నావు. చేరు. 1995లో ఈటీవీ వచ్చాక హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ పనికి వెళ్ళినవాళ్ళలో చాలామంది టీవీలో చెయ్యి తిరిగాకే సినిమాకు వచ్చారు. న్యూస్‌లో అరగంటలో కార్డు, అంటే తెర మీద అక్షరాలతో కనిపించే పలక, కట్టాలి. మూల లోగో, కింద స్క్రోలింగ్ పోగా మిగిలిన చోటులోనే నీ అక్షరం నిలబడాలి. సన్నని అడ్డగీతలు టీవీలో మిణుకుమిణుకుమంటాయి కాబట్టి గీత మందం విలువ తెలుస్తుంది. సీరియల్ టైటిల్‌ను ఇంటిల్లిపాదీ రోజూ చూస్తారు, ఏళ్ళ తరబడి చూస్తారు. మొదటిరోజు అదిరిపోయేది కాదు, నూరోరోజు విసుగు పుట్టించనిది చెయ్యాలి. ఆ ఓర్పు ఏ కోర్సులోనూ చెప్పరు. రెండేళ్ళు ఉండు, మూడో ఏడు మాత్రం ఉండకు. జీతానికి అలవాటు పడితే కదలలేవు.

సినిమాలో మొదట నీ చేతికి వచ్చేవి లిరికల్ వీడియోలు, మోషన్ పోస్టర్లు. సంకోచించకుండా చెయ్యి, సహాయ దర్శకులతో పరిచయాలు అక్కడే కుదురుతాయి. నేటి సహాయ దర్శకుడే రేపటి దర్శకుడు. టైటిల్ లోగో పని వస్తే, ఆ పేరు ఫిల్మ్ ఛాంబర్‌లో నమోదైందా అని ముందు అడుగు. ఆ పేరు ఇంకెవరిదో అయితే నీ నెల పని గంగపాలు. సెంటిమెంట్లు ఎలాగూ ఉంటాయి. అక్షరం కిందికి వాలకూడదు, విరగకూడదు, నలుపు వద్దు. వాదించకు. విరిగిన అక్షరమే కథకు ప్రాణమైతే అది విరిగినట్టు చూపి మళ్ళీ అతికే ఒక వెర్షన్ కూడా తీసుకెళ్ళు. చాలాసార్లు అతికిందే ఒప్పుకుంటారు, చాలాసార్లు అదే బాగుంటుంది కూడా.

ఇక పేర్లు. టైటిల్స్ పని అంటే అసలు ఇదే. పేర్ల జాబితా కో-డైరెక్టర్ సంతకంతో తీసుకో. ఎవరి తర్వాత ఎవరు, ఎవరికి విడి కార్డు అన్నది నువ్వు తేల్చేది కాదు, తేల్చబోకు. పోయిన సినిమా టైటిల్స్ చూసి స్పెల్లింగ్ దించకు. న్యూమరాలజీ చూసి మధ్యలో ఇంకో ఇంగ్లీషు అక్షరం చేర్చుకుని ఉంటారు. ప్రతి మార్పునూ వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకో. విడుదలకు ముందు రాత్రి కూడా పేర్లు మారతాయి కాబట్టి, ఒక్క పేరు మార్చాలంటే మొత్తం మళ్ళీ రెండర్ చేయనక్కర్లేకుండా (వీడియోగా తీయనక్కర్లేకుండా) ఫైలు కట్టుకో. ఒక లైట్‌మన్ ఊరి నుంచి అమ్మానాన్నలను తీసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టేది ఆ రెండు సెకన్ల కోసమే. అక్కడ పేరులో దీర్ఘం ఎగిరిపోతే నీ నిప్పులూ పొగా ఎవరికి కావాలి?

చివర్లో పైకి వెళ్ళే పేర్ల వరుస ఎందుకు వణుకుతోందని నీ స్నేహితురాలు అడిగిందన్నావు కదా. లెక్క సులువు. థియేటర్‌కు పంపే వెడల్పు తెర కొలత 2కే స్కోప్ ఎత్తు 858 పిక్సెళ్ళు, సెకనుకు 24 ఫ్రేములు. ఫ్రేముకు 3 పిక్సెళ్ళు కదిలితే ఒక పేరు కింద నుంచి పైకి చేరడానికి 286 ఫ్రేములు, అంటే సుమారు 12 సెకన్లు. ఫ్రేముకు 4 అయితే సుమారు 9 సెకన్లు. పాట అయిపోయేలోగా పేర్లు అయిపోవాలని వేగాన్ని మూడున్నరకు లాగారంటే అక్షరాల అంచులు వణుకుతాయి. వేగం ఎప్పుడూ పూర్ణసంఖ్యే. కుదరకపోతే వరుసల ఎడం మార్చు, లేదా పేర్లను పక్కపక్కన రెండు నిలువు వరుసల్లో పెట్టు. టీవీకి సెకనుకు 25 ఫ్రేములని మరిచిపోకు.

నాలుగైదు భాషల్లో విడుదలయ్యే సినిమా అయితే తమిళం, కన్నడం, మలయాళం ఆ భాష చదివేవారికి చూపించకుండా పంపకు. పొగ తాగే దృశ్యాల హెచ్చరికలో నీ కళ చూపించే వీలు లేదు: తెల్లని పట్టీ మీద నల్లని అక్షరాలు, సినిమా ఏ భాషలో ఉంటే ఆ భాషలో. హిందీ వెర్షన్‌లో తెలుగు హెచ్చరిక మిగిలిపోయిందేమో చూసుకునేది చివరికి నువ్వే.

డబ్బు సంగతి. సగం అడ్వాన్సు అందకుండా కుంచె ముట్టకు. ‘మనవాళ్ళే కదా’ అని మొదలైన పనిలో డబ్బు రాలదు, అది నేను చాలా చోట్ల చూశాను. ఎన్ని మార్పులు చేస్తావో, వాటి తర్వాత ఎంత అదనమో, విడుదలయ్యాక ఆ పనిని నీ షోరీల్‌లో (చేసిన పనులు చూపే వీడియోలో) పెట్టుకోవచ్చో లేదో, కార్డులో నీ పేరు ఎక్కడ వస్తుందో ఒక పేజీలో రాయించుకో. మిగతా సగం అందేదాకా పేరు మీద వాటర్‌మార్క్ ఉన్న ఫైలే పంపు. టీడీఎస్ కోశామంటారు, కోసింది నీ పాన్ మీద జమ అయిందో లేదో మూడు నెలలకోసారి చూసుకో. ఏడాదికి 20 లక్షలు దాటే రోజు వస్తే జీఎస్టీ నంబరు తప్పదు, అప్పటికి మంచి ఆడిటర్‌ను చూపిస్తాను.

ఛానల్ వాళ్ళిచ్చిన ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టేముందు నాకు ఒకసారి పంపు. బయటి పనులు చేయకూడదన్న షరతు ఉంటే, సెలవు రోజుల మట్టుకైనా వదలమని అడుగుదాం.

ఇట్లు,
మామయ్య