‘జాగ్రత్త’ బోర్డు సంగతి తర్వాత, ముందు ఆ మెట్టును చూడండి

మీ అపార్టుమెంటులో ఆరు నెలల్లో ముగ్గురికి దెబ్బలు తగిలాయనీ, ‘జాగ్రత్త’ అని బోర్డులు పెట్టినా ఫలితం లేదనీ, ఇంకేం చేయాలనీ అడిగారు. నేను నిపుణుణ్ని కాను. కానీ నా వల్ల ఒక పసివాడికి హాని జరిగింది. ఆ తర్వాత ఏడేళ్లుగా మా భవనంలో ఇదే పని పట్టుకుని ఉన్నాను.

నేల తుడిచే మందు పెద్ద డబ్బాలో ఉండేది. ప్రతిసారీ మోయడం కష్టమని కొంత ఖాళీ నీళ్ల సీసాలో పోసి మెట్ల కింద పెట్టాను. పక్కింటి నాలుగేళ్ల బాబు ఆడుకుంటూ వచ్చి, దాహం వేసి, మూత తీసి ఒక గుక్క తాగేశాడు. వాళ్లమ్మ నాలుగడుగుల దూరంలోనే ఉంది. వాడి ఏడుపు విని పరుగెత్తుకొచ్చిన నేను, వాంతి చేయిద్దామని ఉప్పునీళ్లు కలపబోయాను. పై అంతస్తులో ఉండే నర్సు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. అలాంటి ఘాటు రసాయనం లోపలికి వెళ్లేటప్పుడు అన్నవాహికను ఒకసారి కాలుస్తుంది, కక్కిస్తే పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. కిరోసిన్ లాంటిదైతే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ఆమె బాబు నోరు కడిగించి, సీసాతో పాటు అసలు డబ్బాను కూడా మా చేతికిచ్చి ఆసుపత్రికి పంపింది. ఏం తాగాడో వైద్యులకు చెప్పగలిగేది ఆ డబ్బా మీది చీటీ మాత్రమే. బాబు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు.

ఆ రోజుల్లో చాలామంది అన్న మాట ఒకటే: ‘తల్లి చూసుకోవాలి కదా’. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. తల్లి చూసుకుంటూనే ఉంది. నీళ్ల సీసాలో నీళ్లే ఉంటాయని ఆ పిల్లవాడికి నేర్పింది పెద్దవాళ్లమే, అందులో మరొకటి పోసింది నేను.

రోడ్డు ప్రమాదాల మీద పనిచేసిన అమెరికా వైద్యుడు విలియం హాడన్ రూపొందించిన పట్టిక ఒకటి ఆ తర్వాత నా కంటపడింది. ప్రమాదానికి ముందు, జరుగుతున్నప్పుడు, జరిగాక అని అడ్డు వరుసలు. మనిషి, వస్తువు, పరిసరాలు అని నిలువు వరుసలు. పక్కింటి బాబు సంగతిని అందులో రాసి చూశాను. ‘తల్లి చూసుకోవాలి’ అన్నది ఒక్క గడిలోనే పట్టింది. మిగిలిన గళ్లలో చేరినవి ఇవి: మందు అసలు డబ్బాలోనే ఉండాల్సింది, పిల్లలు తీయలేని మూత ఉండాల్సింది, అది తాళం వేసిన అలమరలో ఉండాల్సింది, అత్యవసర నంబరు గోడ మీద ఉండాల్సింది, వాంతి చేయించకూడదని నాకు తెలిసి ఉండాల్సింది. ఇన్ని దారులుండగా అందరం ఒక్క మనిషినే వేలెత్తి చూపించాం.

న్యూయార్క్ నగరంలో 1970లలో పిల్లలు కిటికీల్లోంచి పడి చనిపోతుంటే, తల్లులకు చెప్పడంతో పాటు ఇళ్లకు వెళ్లి కిటికీలకు ఇనుప చట్రాలు ఇచ్చారు. పడిపోవడాలు బాగా తగ్గాయి. 1976లో, పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలున్న అద్దె ఇళ్లలో యజమానులే ఆ చట్రాలు బిగించాలని నిబంధన వచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్లొద్దని ఏ తల్లి చెప్పదు? చట్రం మాత్రం తల్లి వెనక్కి తిరిగిన క్షణంలో కూడా అక్కడే ఉంటుంది.

ఇక మేం చేసింది చెబుతాను. ఒక సాయంత్రం, చీకటి పడ్డాక, ఐదుగురం భవనమంతా తిరిగాం. పగలు చూస్తే సగం కనిపించవు. పిల్లల ఎత్తుకు వంగి చూశాం. పెద్దవాళ్లు పట్టుకునే చోటల్లా గోడను పట్టుకుని నడిచాం. మెట్ల వరుసలో చివరి మెట్టు, నేల ఒకే రంగులో ఉన్నాయి. మెట్లు అయిపోయాయనుకుని కాలు వేస్తే మనిషి ముందుకు పడిపోతాడు. అంచుకు పసుపు రంగు పట్టీ వేశాం, దీపం మార్చాం, రెండో వైపు కూడా కడ్డీ పెట్టించాం. ఆ ఒక్కచోటే అంతకుముందు ఇద్దరు పెద్దవాళ్లు పడ్డారు.

ఇళ్లలో మాకు దొరికిన వాటిలో నన్ను అన్నిటికంటే భయపెట్టినవి నీళ్ల బకెట్లు. ఏడాది, రెండేళ్ల పిల్లల తల బరువెక్కువ. బకెట్‌లోకి తొంగి చూసి తలకిందులుగా పడితే మళ్లీ లేవలేరు, కొద్ది నీళ్లు చాలు, అరుపు కూడా వినిపించదు. వాడాక బకెట్ బోర్లించడం అందరికీ అలవాటు చేశాం. నీళ్లు కాచే గీజర్లను 50 డిగ్రీల లోపుకు తగ్గించుకోమన్నాం. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలోనే పెద్దవాళ్ల చర్మాన్ని కూడా లోతుగా కాల్చేస్తాయి. అయినా కాలితే 20 నిమిషాల పాటు కుళాయి చల్లనీళ్లు పోయాలి, మంచుగడ్డలు, పేస్టు వద్దు. బొమ్మల్లో వాడే బిళ్ల బ్యాటరీలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. కాబట్టి మింగాడేమోనన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నిటికంటే పనికొచ్చింది ఒక నోటు పుస్తకం. దెబ్బ తగిలినవే కాదు, తృటిలో తప్పినవి కూడా అందులో రాయాలి: చోటు, వేళ, కారణమైన వస్తువు. మొదట్లో ఒకరు ‘ఫలానావారి అజాగ్రత్త’ అని పేరు రాశారు. అంతే, రెండు నెలలు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ పేజీ తీసేసి, పేర్లు ఉండవని ఇంటింటికీ వెళ్లి చెప్పాను. ముందు నేనే రాశాను, సీసాలో మందు పోసిన సంగతి. తర్వాతి నెలలో పదకొండు రాతలు వచ్చాయి, వాటిలో నాలుగు వెనక గేటు దగ్గరి ఒకే గుంట గురించి. ఎవరికీ దెబ్బ తగలకముందే పూడ్చాం.

బోర్డులు తీసేయమని అనను. కానీ వాటికి పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ ముగ్గురికి దెబ్బలు తగిలిన చోట్ల మీద పెట్టండి. రేపే వాళ్ల ముగ్గురినీ కలిసి, తప్పుపట్టకుండా, సరిగ్గా ఎక్కడ, ఏ వేళలో, కాలు లేదా చెయ్యి దేని మీద ఉండగా జరిగిందో అడగండి. వీలైతే అదే వేళకు వాళ్లతో అక్కడికి వెళ్లి నిలబడండి. ఏం కనిపించిందో ఇక్కడ రాస్తే, మా దగ్గర అలాంటి చోటును ఎలా సరిచేశామో వివరంగా చెబుతాను.