మైకెన్ వెన్స్ కథ చెప్పబోయే బిడ్డకు

బిడ్డా,

ప్రభువు నామంలో వందనాలు. స్త్రీల సమాజం కూడికలో హతసాక్షి మైకెన్ వెన్స్ గురించి పావుగంట మాట్లాడమన్నారని, టెన్షన్‌గా ఉందని రాశావు. ఏళ్ల తరబడి సండే స్కూల్లో కథలు చెప్పినదాన్ని కాబట్టి నాకు తోచినవి రాస్తున్నాను. పనికొచ్చేవి తీసుకో.

ముందు కథ నీకు తేటగా తెలిసుండాలి. ఊరు ఆంట్వెర్ప్, ఇప్పటి బెల్జియంలో ఉంది. అప్పుడు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఏలుబడి. మైకెన్ భర్త మాథ్యూస్ తాపీమేస్త్రీ, సంఘంలో బోధకుడు కూడా. 1573 ఏప్రిల్‌లో ఆమెను మరికొందరితో కలిపి పట్టుకున్నారు. నెలల తరబడి జైల్లో ఉంచి హింసించినా ఆమె విశ్వాసం వదులుకోలేదు. అక్టోబరు 6న సజీవంగా కాల్చేశారు. చేసిన నేరమల్లా, పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదని, తెలివి వచ్చి నమ్మి ఒప్పుకున్నాకే తీసుకోవాలని చెప్పే అనబాప్తిస్టుల్లో ఒకతె కావడం. ఇంతవరకు రెండు నిమిషాల్లో ముగించు. తేదీల దగ్గర నిలబడిపోతే వెనక వరసల వాళ్లు ఫోన్లు తీస్తారు.

ఇక నాలుక సంగతి. చావుకు తీసుకెళ్తున్నప్పుడు నోరెత్తి సాక్ష్యం చెప్పకుండా ఆమె నాలుకకు మరబిగించారు. అంతకుముందు చాలామంది దారి పొడుగునా ప్రసంగించి, పాటలు పాడి జనం మనసులు కదిలించారు కాబట్టే అధికారులు ఆ పనికి దిగారు. ఇది చెప్పాల్సిందే, కానీ ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్. కొందరు ప్రసంగీకులు ఇక్కడే గొంతు పెంచి మరను, మంటను, రక్తాన్ని వర్ణిస్తూ పోతారు. వినేవాళ్లకు వెన్ను జలదరిస్తుంది తప్ప మైకెన్ ఎవరో తెలియదు. ఇంకో మాట, మంటల్లో ఆమె ఫలానా మాట పలికిందని, పాట పాడిందని ఎవరైనా అల్లి చెబితే నువ్వు వాడకు. నాలుక బిగించిన మనిషి ఎలా పాడుతుంది?

ఆమె మాటలు కావాలంటే ఉత్తరాల్లో ఉన్నాయి. జైలు నుంచి పెద్దకొడుకు ఏడ్రియన్‌కు రాసినది తప్పకుండా చదువు. అన్నదమ్ములు ఒకర్నొకరు ప్రేమించుకోమంటుంది, నాన్న కూడా దూరమైతే ఒకరికొకరు అండగా ఉండమంటుంది. మధ్యలో ఒక చిన్న మాట: నా బదులు అప్పుడప్పుడూ హాన్స్‌ను చేతుల్లోకి ఎత్తుకో అని. హాన్స్ చిన్నవాడు, మూడేళ్లుంటాయి. ఏడ్రియన్‌కు పదిహేను. కాల్చే రోజున ఆ పిల్లవాడు తమ్ముణ్ణి ఎత్తుకుని వెళ్లి, అమ్మ కనబడాలని కొయ్యలకు దగ్గర్లో ఒక బల్లెక్కి నిలబడ్డాడు. ఆమెను తీసుకురాగానే స్పృహ తప్పి పడిపోయాడు. తేరుకునేసరికి అంతా అయిపోయింది. జనం వెళ్లిపోయాక బూడిద వెతికి, అమ్మ నాలుకకు బిగించిన ఆ మరను తీసి జ్ఞాపకంగా దాచుకున్నాడు.

నీ పావుగంటలో సగం ఇక్కడ ఖర్చు పెట్టు. ముందు ఉత్తరంలో మాట చెప్పు, తర్వాత బల్ల మీద నిలబడ్డ పిల్లవాణ్ణి చూపించు. రెంటికీ ముడి నువ్వు వేయకు, తల్లులకు అదే తెలుస్తుంది. బొమ్మ ఏదైనా చూపాలనుకుంటే యాన్ లైకెన్ 1685లో చెక్కింది చూపించు. అందులో మంటలుండవు, బూడిదలో వెతుకుతున్న అన్నదమ్ములుంటారు.

ఆమెను రాతిమనిషిగా మాత్రం చేయకు. శరీరానికి పరీక్ష రానంతవరకు, ఏదీ వదులుకోనక్కర్లేనంతవరకు క్రైస్తవులుగా ఉండడం తేలికే అని ఆమే ఒక ఉత్తరంలో రాసింది. జైలు కష్టమే అనిపించిందట, కానీ ఎడబాటు ఇంత కష్టమవుతుందని అనుకోలేదట. ఆ మాట లేకుండా ఆమె ధైర్యం గురించి చెబితే నాకైతే అబద్ధంలా వినిపిస్తుంది.

చంపినవాళ్ల మీద కోపం రగిలించకు. మన మహబూబ్‌నగర్ సంఘంలో కతోలికుల ఇళ్లలో పుట్టి వచ్చిన కోడళ్లున్నారు, వాళ్ల ముఖాలు గుర్తుంచుకో. అయినా అనబాప్తిస్టులను చంపింది కతోలికులొక్కరే కాదు. 1527లో ఫెలిక్స్ మాంజ్ అనే అనబాప్తిస్టును జూరిక్‌లోని నదిలో ముంచి చంపించింది ప్రొటెస్టెంట్ నగర సభ.

ఈ కథ మనకెందుకు అని ఎవరైనా అంటే, 1889లో రష్యా నుంచి వచ్చి నల్గొండలో మిషనరీ పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీజెన్, 1899లో అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చిన హీబర్ట్ ఆ వంశపు విశ్వాసులేనని చెప్పు. మన ఎం.బి. (మెన్నొనైట్ బ్రదరన్) సంఘాల వేరు అక్కడిదే. అంతకంటే సాగదీయకు.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది: "మూడేళ్ల పిల్లాణ్ణి వదిలేసి చావడానికి తల్లికి మనసెలా ఒప్పింది?" దానికి వాక్యం చూపించి నోరు మూయించకు. అడిగిన మనిషి తప్పేమీ అడగలేదు. అదే ఏడు అదే ఆంట్వెర్ప్‌లో యానెకెన్ మున్స్‌డోర్ప్ అనే ఆవిడ జైల్లోనే ఆడపిల్లను కని, ఆ పసిగుడ్డుకు ఉత్తరం రాసిపెట్టి కాలిపోయింది. వీళ్లకు పిల్లలంటే ప్రేమ లేదని ఆ ఉత్తరాలు చదివిన వాళ్లెవరూ అనలేరు. అలాగని జవాబు దొరికిపోయిందని నేనూ అనను. "నాకూ అదే కష్టంగా ఉందక్కా" అని చెప్పు, చాలు.

కూడిక అయ్యాక ఇద్దరు ముగ్గురు నీ దగ్గరికొచ్చి వాళ్ల వాళ్ల పిల్లల సంగతులు చెప్పుకుంటారు. ఆటో అతన్ని ఓ గంట ఆలస్యంగా రమ్మను.

మీ పెద్దమ్మ