అంగన్‌వాడీలో పిల్లల ఎదుగుదల లెక్కలు ఎక్కడ తప్పుతాయి?

ప్రతి నెలా కొలతలు తీసి ప్రభుత్వ యాప్ అయిన పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తున్నా లెక్కలకు పొంతన ఎందుకు కుదరదన్నది ప్రశ్న. నిజానికి ఎక్కువ తప్పులు బరువు దగ్గర కాదు, ఎత్తు దగ్గరే జరుగుతాయి.

రెండేళ్లు నిండని బిడ్డను, పొడవు కొలిచే బల్ల అయిన ఇన్‌ఫాంటోమీటర్ మీద పడుకోబెట్టి పొడవు కొలవాలి. నిండినవాళ్లను నిలబెట్టి ఎత్తు తీయాలి. పడుకోబెట్టి కొలవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు, తల్లయినా సరే, తలను కదలని పలకకు ఆనించి పట్టుకోవాలి. రెండోవారు మోకాళ్లను మెల్లగా అదిమి, జరిగే పలకను అరికాళ్లకు తాకించి 0.1 సెం.మీ. వరకు చదవాలి. మోకాలు ముడుచుకుంటే పొడవు తక్కువగా వస్తుంది. అప్పుడు వయసుకు తగ్గ ఎత్తు లేనట్టు కనబడుతుంది, ఎత్తుకు తగ్గ బరువు మాత్రం ఉన్నట్టే తేలుతుంది. చిక్కిపోయిన బిడ్డ అలా మరుగున పడిపోతుంది. ఇది చాలా ప్రమాదం. రెండేళ్లలోపు బిడ్డను నిలబెట్టే కొలవాల్సి వస్తే 0.7 సెం.మీ. కలపాలి.

అంకెలన్నీ .0, .5తోనే ముగుస్తుంటే అందాజుగా రాస్తున్నారని అనుమానించాలి. పోయిన నెలకన్నా ఎత్తు తగ్గితే మళ్లీ కొలవాల్సిందే.

పై అధికారులకు లెక్కలు పంపేటప్పుడు ‘తీవ్ర పోషణలోపం: 3’ అంటే చాలదు. నమోదైనవారు 40, కొలిచినవారు 31 అని కూడా ఉండాలి. జబ్బుపడి కేంద్రానికి రాని పిల్లలే తరచూ ఆ తొమ్మిదిమందిలో ఉంటారు. తల్లికి శాతాలు వద్దు. ఎదుగుదల కార్డు మీద బరువు గీత పోయిన నెలనుంచి పైకి వెళ్లిందా, అడ్డంగా ఆగిందా వేలుపెట్టి చూపండి.