బాబు పేరు, ఎటూ తేల్చని మీ ఆయన

బాబు పేరు తేల్చకుండా మీ ఆయన రోజుకో పేరు మారుస్తున్నాడని అడిగారు కదక్కా, అది పేర్లు నచ్చక కాదు, తన నాన్న పేరు బాబుకి పెట్టకపోతే హన్మకొండలో మీ అత్తమామలు నొచ్చుకుంటారని భయం.

1. ఇద్దరూ ముందు వద్దనుకున్నవి కొట్టేయండి. బాబు నక్షత్రం రోహిణి అన్నారు కదా, ఓ, వ, వి, వుతో మొదలయ్యే పేర్లు మూడే మిగలాలి.

2. అందరూ వదిలేసేది ఇదే: తాత పేరు సంగతి మామయ్యనే అడగాలి, అదీ మీ ఆయనే, మీరు కాదు. 21వ రోజు ఉయ్యాల దగ్గర పళ్ళెంలో బియ్యం మీద తాత పేరు కూడా రాస్తామని, సర్టిఫికెట్లో మాత్రం మేం అనుకున్నది ఉంటుందని చెప్తే చాలామంది పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు, వాళ్ళకి కావాల్సింది ఆ మర్యాదే.

3. మిగిలిన మూడింటినీ ఇంటిపేరుతో కలిపి మీ ఆయనతోనే గట్టిగా పిలిపించండి.

4. అప్పటికీ తేలకపోతే టెన్షన్ వద్దు. పుట్టుక మాత్రం 21 రోజుల్లో నమోదు చేయించండి, పేరు ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు.