నోటరీ కాగితంతో విడాకులు రావు, కానీ కొట్లాట లేకుండా విడిపోవచ్చు

తమ్ముడూ మరదలూ విడిపోదామనుకుంటున్నారు, ఇద్దరు పిల్లలు, కోర్టుకెక్కకుండా పెద్దమనుషుల్లో తేల్చేస్తే చాలదా అని మీరు అడిగారు. చాలదు. కులాచారంగా విడాకులున్నాయని నిరూపించగలిగితే తప్ప, హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళి స్టాంపు కాగితం మీద సంతకాలతో రద్దు కాదు. ఆ కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్ళి చెల్లదు సరికదా, నేరం కూడా. ఈ నోటరీ విడాకులు రాసిచ్చేవాళ్ళను ముందు ఆపాలి.

ఇంకో మాట. మీరు మగపిల్లవాడి వైపువాళ్ళు, మధ్యవర్తి కాలేరు. అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చునే పంచాయితీలో భార్యాభర్తలు నోరే విప్పరు, విప్పినా ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ఏ వైపూ కాని మధ్యవర్తి ముందు జరిగే మీడియేషన్‌లో చెప్పినది గోప్యం, తర్వాత కోర్టులో వాడుకోకూడదు. అందుకే ఫోన్లో రికార్డు చేయడాలు పెట్టుకోకండి.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వవచ్చు. పెళ్ళి తేదీ, పిల్లల వయసులు, ఏం తేలాలో రాస్తే చాలు. కేసు వేయకముందే రెండోవైపును పిలిచి కూర్చోబెడతారు. కోర్టు ఫీజు ఉండదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా వకీలు ఉచితం. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయాలి. మనోవర్తి, సామాన్లు, పిల్లల సంగతి లోక్ అదాలత్ అవార్డుగా రాయించుకుంటే అది సివిల్ డిక్రీతో సమానం, అప్పీలు లేదు. విడాకులు మాత్రం అక్కడ కాదు, కోర్టులోనే.

ఆ కోర్టు పని హిందూ వివాహ చట్టం 13బి (ఇద్దరి సమ్మతితో విడాకులు) కింద రెండు వాయిదాల వ్యవహారం. ఏడాది విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక ఆర్నెల్ల ఆగుడు ఉంది, తగిన కేసుల్లో జడ్జి దాన్ని మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండో మోషన్ (ఇద్దరూ మళ్ళీ కోర్టుకొచ్చి సమ్మతి చెప్పే వాయిదా) దాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి డబ్బంతా మొదటి రోజే చేతిలో పెట్టకూడదు, చివరి విడత రెండో మోషన్ రోజు డీడీగా ఇవ్వాలి.

అసలు పేచీ వచ్చేది పిల్లల దగ్గర. ఒప్పందంలో "తండ్రి అప్పుడప్పుడు చూసుకోవచ్చు" అని ఒక్క ముక్క రాసి లేచిపోతారు. మొదటి రెండు ఆదివారాలు బాగానే గడుస్తాయి. మూడో ఆదివారం తండ్రి నాలుగింటికి గేటు దగ్గరుంటాడు, పిల్ల ట్యూషన్లో ఉంటుంది. నాలుగో వారం జ్వరమంటారు, అయిదో వారం ఫోనెత్తరు, ఆరో వారం పిటిషన్. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు, రాతే చెడ్డది. ఏ వారం, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ఎవరు దింపాలి, పిల్లకు ఒంట్లో బాగోకపోతే బదులు ఏ రోజు, వేసవి సెలవుల్లో ఎవరి దగ్గర ఎన్ని రోజులు, దసరా ఎవరికి, సంక్రాంతి ఎవరికి, పాస్‌పోర్టుకు సంతకం ఎప్పటిలోగా పెట్టాలి, అన్నీ రాయాలి. "చదువు ఖర్చు" అంటే బస్సు, ట్యూషన్ కలిసా, విడిగానా? మనోవర్తి ఏటా ఎంత శాతం పెరగాలి? నగలైతే గ్రాముల్లో, ఫోటోలతో జాబితా కావాలి. పిల్లల మనోవర్తి తల్లి వదులుకుంటానన్నా పిల్లల హక్కు పోదు, ఆ వాక్యం రాయించినా దండగే.

ఆదాయం దాచి బేరమాడితే కూడా ఒప్పందం నిలవదు. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీడియేషన్‌కే అవే వివరాలు, జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకుంటే సగం వాదన అక్కడే ఆగుతుంది. ఇప్పటికే 498ఎ కేసు (భార్యను వేధించారన్న క్రిమినల్ కేసు, 2024 జూలై నుంచి బీఎన్ఎస్ 85) ఉంటే రాజీపత్రంతో అది దానంతటది పోదు, కోర్టు ద్వారానే విడిగా ముగించుకోవాలి. దానికి ఎవరు ఎప్పటిలోగా సహకరించాలో కూడా ఒప్పందంలోనే ఉండాలి.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇదంతా పక్కన పెట్టండి. భయంతో పెట్టిన సంతకం రాజీ కాదు. ఆ అమ్మాయి ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి, లేదా బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్ళాలి.